ఎగిరే కారు, ఎదురుచూసే నేల

టెలివిజన్‌లో యాక్షన్ సీరియల్ చూసిన మర్నాడు బడిలో మీరు ఏం మాట్లాడుకుంటారు? హీరో ఎవరిని కొట్టాడన్న సంగతి రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తరువాత కబుర్లన్నీ కారు గురించే! "వంతెన విరిగిపోతే కారు అవతలి గట్టుకు దూకింది కదా, అది నిజంగా దూకిందేనా?" అని ఒకరు అడుగుతారు. "అంత ఎత్తు నుంచి పడ్డ కారు మళ్లీ ఎలా పరుగెత్తింది?" అని ఇంకొకరికి సందేహం. "మా అన్నయ్య బండిని అచ్చం అలాగే గిర్రున తిప్పుతాడు, తెలుసా!" అని మూడో గొంతు. గంట కొట్టినా వాదన తేలదు.

దీన్ని తేల్చడానికి కావలసిన సామగ్రి మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. జడత్వం, ఘర్షణ, గురుత్వకేంద్రం అనే మూడు మాటలు చాలు.

హైదరాబాదు తూర్పు వైపున ఉన్న చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ ప్రాంతాల విద్యార్థులకు ఈ విషయం మీద మరికొంచెం ఆసక్తి ఉండాలి. నాచారంలో 1970లలో ఎన్.టి. రామారావు రామకృష్ణా స్టూడియో నెలకొల్పారు. హయత్‌నగర్ దాటి కొంతదూరం వెళితే 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. అంటే సినిమా బళ్లు పరుగెత్తే చోటు ఎంతో దూరంలో లేదన్నమాట. ఇటు చర్లపల్లిలోనేమో పారిశ్రామికవాడ, వంటగ్యాసు నింపే కర్మాగారాలు, చమురు డిపోలు ఉన్నాయి. 2025 జనవరిలో ప్రారంభమైన రైల్వే టెర్మినల్ కూడా అక్కడే ఉంది. ట్యాంకర్లు, లారీలు, ఆటోలు, సైకిళ్లు అన్నీ ఒకే రోడ్డు మీద తిరుగుతుంటాయి. తెరమీద దూకే కారుకూ, మీ సైకిలు పక్కన మలుపు తిరిగే ట్యాంకరుకూ ప్రకృతి సూత్రాలు ఒక్కటే. కాని ఆ రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. అదేమిటో ఈ వ్యాసం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

కారు ముక్కు ఎందుకు దించుతుంది?

ముందుగా దూకుడు సంగతి చూద్దాం. కారు దూకాలంటే రోడ్డు మీద ఏటవాలు బల్ల ఒకటి కావాలి. దాన్నే ర్యాంపు అంటారు. ర్యాంపు 15 డిగ్రీల వాలులో ఉందనీ, కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తోందనీ అనుకోండి. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. ర్యాంపు అంచు వదలిన క్షణం నుంచి కారు విసిరిన రాయితో సమానం. చక్రాలు గాలిలో తిరుగుతుంటాయేగాని నేలను పట్టుకోలేవు. యాక్సిలరేటరు తొక్కినా, స్టీరింగు తిప్పినా కారు పోయే దారి మారదు. ఆ దారి అంచు వదలకముందే నిర్ణయమైపోయింది. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్క వేస్తే, కారు సుమారు ఒక సెకనుపాటు గాలిలో ఉండి, 20 మీటర్ల అవతల అదే ఎత్తుకు దిగివస్తుంది.

ఇప్పుడు డ్రైవరు వేగంలో పదోవంతు ఎక్కువ వచ్చాడనుకుందాం. అంటే 72 బదులు 79. దూరం కూడా పదోవంతే పెరుగుతుందా? పెరగదు. దూరం వేగం యొక్క వర్గాన్ని బట్టి మారుతుంది. కాబట్టి కారు 20 మీటర్ల దగ్గర కాకుండా దాదాపు 25 మీటర్ల దగ్గర దిగుతుంది. అవతల దిగడానికి కట్టిన ర్యాంపు మీద కాక, దాన్ని దాటి పడుతుంది. స్పీడోమీటరు ముల్లు కాస్త అటూ ఇటూ అయితే ఒక కారు పొడవు తేడా వచ్చేస్తుందన్నమాట!

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ర్యాంపు అంచు దగ్గర ముందు చక్రాలు ముందుగా గాలిలోకి వస్తాయి. అప్పటికి వెనుక చక్రాలు ఇంకా బల్లమీదే ఉంటాయి. కారు ముందు భాగానికి ఆధారం పోయింది, వెనుక భాగానికి ఉంది. అందువల్ల ముక్కు కిందికి తిరగడం మొదలవుతుంది. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం సుమారు మూడు మీటర్లుంటే, ఇది జరగడానికి సెకనులో ఏడో వంతు కాలం చాలు. గాలిలోకి వచ్చాక ఆ తిరుగుడును ఆపేవారు లేరు. తిరగడం మొదలుపెట్టిన వస్తువు, ఇంకేదో ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఇదీ జడత్వమే. పైగా మామూలు కార్లకు బరువైన ఇంజను ముందువైపే ఉంటుంది. కాబట్టి కారు ముక్కుతో నేలను గుద్దుతుంది.

అమెరికాలో 1979 నుంచి 1985 వరకు ప్రసారమైన ‘ద డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’ అనే సీరియల్‌లో కారు దూకుళ్లకు లెక్కలేదు. నారింజ రంగు డాడ్జ్ చార్జర్ కారు, దాని పేరు ‘జనరల్ లీ’. ఆ సీరియల్ తీసినవారు ఈ ముక్కు దించే జబ్బుకు ఒక ఉపాయం చేశారు. కారు వెనుక డిక్కీలో ఇసుక బస్తాలు, సిమెంటు దిమ్మలవంటి బరువులు పెట్టారు. దాంతో కారు గురుత్వకేంద్రం వెనక్కి జరిగింది, ముక్కు వాలడం తగ్గింది. బడి పిల్లలు సీసా బల్ల మీద లావుగా ఉన్నవారిని కాస్త మధ్యకు జరగమనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే!

దిగడమే అసలు కష్టం

దూకిన కారు తరువాత ఏమవుతుంది? తెరమీద దుమ్ము లేపుకుంటూ సాగిపోతుంది. నిజంగా జరిగేది వేరు.

మన లెక్కలోని కారు ర్యాంపు అంచు కంటే సుమారు 1.4 మీటర్లు పైకి లేస్తుంది. ర్యాంపు అంచే నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే, కారు మొత్తం మూడు మీటర్ల ఎత్తు నుంచి పడుతున్నట్లు లెక్క. నేలను తాకేటప్పుడు నిలువు దిశలో దాని వేగం సెకనుకు ఏడున్నర మీటర్లు. ఆ వేగాన్ని స్ప్రింగులు, టైర్లు కలిసి ఓ 20 సెంటీమీటర్ల లోపల ఆపాలి. అందుకు కావలసిన రుణత్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 14 రెట్లు! స్ప్రింగులకు అంత శక్తి ఉండదు. మిగిలినదాన్ని కారు చట్రం వంగిపోయి భరిస్తుంది. మనిషి వెన్నెముకకు మాత్రం వంగే అవకాశం లేదు.

అందుకే జనరల్ లీ ఒక్క కారు కాదు. ఏడు సంవత్సరాల చిత్రీకరణలో రెండు వందల యాభైకి పైగా కార్లు వాడారు. పెద్ద దూకుడు దూకిన కారు చాలావరకు ఆ రోజుతో సరి. కెమెరా ఆగుతుంది, వంగిన కారును పక్కకు లాగేస్తారు, అదే రంగు వేసిన మరో కారు వచ్చి పరుగు అందుకుంటుంది. చివరి రోజుల్లో కార్లు దొరకడం కష్టమై, ఖర్చు పెరిగి, చిన్న నమూనా కార్లను దూకించి చిత్రీకరించారు కూడా.

మరి డ్రైవరు ఎలా బతుకుతాడు? దిగేచోట చదునైన నేల కాకుండా, కారు దిగివచ్చే దారికి సరిపోయే వాలుతో ఇంకో ర్యాంపు కడతారు. అప్పుడు కారు నేలను గుద్దదు, జారుబండ మీదికి చేరినట్లు వాలులోకి కలుస్తుంది. అది వీలుకానప్పుడు ఖాళీ అట్టపెట్టెలు, మెత్తని మట్టి పరుస్తారు. ఆపే దూరం పెరిగితే దెబ్బ తగ్గుతుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కి లాక్కోవడంలో ఉన్న సూత్రమే ఇది. కారు లోపల డ్రైవరు చుట్టూ ఉక్కుగొట్టాలతో పంజరం ఉంటుంది. భుజాలను, నడుమును కలిపి బిగించే పట్టీలు, తలకు శిరస్త్రాణం ఉంటాయి. ట్యాంకులో పెట్రోలు కొంచెమే ఉంచుతారు.

ఒక్కసారే తీసిన దృశ్యం

స్టంటు అంటే ధైర్యం అనుకుంటాం. 1974లో వచ్చిన జేమ్స్‌బాండ్ చిత్రం ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్’లోని ఒక దృశ్యం చూస్తే, స్టంటు అంటే లెక్క అని తెలుస్తుంది. థాయ్‌లాండ్‌లో ఒక కాలువ మీద, విరిగిన వంతెనలా కనిపించేటట్లు రెండు మెలితిరిగిన ర్యాంపులు కట్టారు. ఎ.ఎం.సి. హార్నెట్ అనే కారు ఒక గట్టు మీంచి ఎగిరి, గాలిలో పక్కకు పూర్తిగా ఒక చుట్టు దొర్లి, అవతలి గట్టున నాలుగు చక్రాల మీద దిగింది! దాన్ని నడిపినవాడు లోరెన్ విల్లర్ట్ అనే స్టంటు డ్రైవరు.

ఈ దూకుడును ముందుగా చేసి చూసింది మనిషి కాదు, కంప్యూటరు. అమెరికాలోని కార్నెల్ ఏరోనాటికల్ లాబొరేటరీలో రేమండ్ మెక్‌హెన్రీ అనే ఇంజనీరు, కారు కదలికలను లెక్కకట్టే ఒక కంప్యూటరు కార్యక్రమంతో పని చేసేవారు. ర్యాంపు ఎంత మెలి తిరగాలి, వేగం ఎంత ఉండాలి, బరువు ఎలా పంచాలి అన్నవన్నీ ఆ లెక్కలో తేలాయి. వేగం గంటకు సుమారు 64 కిలోమీటర్లు. డ్రైవరు ఒక పక్కన కూర్చుంటే బరువు ఒక వైపుకు మొగ్గుతుంది కనుక, స్టీరింగును, కుర్చీని కారు మధ్యకు జరిపారు. చిత్రీకరణ రోజున ఒకే ఒక్క ప్రయత్నంలో దృశ్యం పూర్తయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ కంప్యూటరు కార్యక్రమాన్ని సినిమా కోసం రాయలేదు. రోడ్డు ప్రమాదాల్లో కార్లు ఎలా అదుపు తప్పుతాయి, గట్టు ఎక్కితే ఏమవుతుంది, ఎప్పుడు బోర్లాపడతాయి అని తెలుసుకుని ప్రాణాలు కాపాడడానికి రాసిన లెక్క అది. ప్రమాదానికీ స్టంటుకూ ఒకే సమీకరణాలు. సంఖ్యలు ముందే తెలిస్తే స్టంటు, తెలియకపోతే ప్రమాదం.

గిర్రున తిరిగే కారు

వేగంగా వస్తున్న కారు ఉన్నట్టుండి వెనుదిరిగి నిలబడడం చూసే ఉంటారు. డ్రైవరు స్టీరింగును కాస్త తిప్పి, చేతి బ్రేకు గట్టిగా లాగుతాడు. చాలా కార్లలో చేతి బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది. అసలు కీలకం ఇక్కడుంది.

దొర్లుతున్న చక్రం పక్కకు జారడానికి ఒప్పుకోదు. రబ్బరు నేలను పట్టుకునే ఉంటుంది. చక్రం తిరగడం ఆగి ఈడ్చుకుపోవడం మొదలైతే ఆ పట్టు పోతుంది. అప్పుడు దానికి ముందు, పక్క అనే తేడా ఉండదు, ఎటు తోస్తే అటు జారుతుంది. వెనుక చక్రాలకు ఇలా పట్టు పోయి, ముందు చక్రాలకు పట్టు ఉంటే ఏమవుతుంది? ముందు భాగం మలుపు తిరుగుతుంది. వెనుక భాగం జడత్వం వల్ల తిన్నగా పోవాలని చూసి, ముందు భాగాన్ని దాటిపోతుంది. కారు గిరుక్కున తిరిగిపోతుంది.

1974 నుంచి 1980 వరకు ప్రసారమైన ‘ద రాక్‌ఫర్డ్ ఫైల్స్’ అనే సీరియల్‌లో నటుడు జేమ్స్ గార్నర్ దీన్ని తలకిందులుగా చేసేవాడు. కారును వేగంగా వెనక్కి నడిపి, స్టీరింగును ఒక్కసారి తిప్పి, ముందు భాగాన్ని అర్ధచుట్టు తిప్పి, అదే దిశలో ముందుకు సాగిపోయేవాడు. ఆ విన్యాసానికి ‘రాక్‌ఫర్డ్ మలుపు’ అనే పేరు స్థిరపడింది. ఇలాంటివి చేసేచోట నేల విశాలంగా, చదునుగా ఉంటుంది. కొన్నిసార్లు టైర్లు తేలిగ్గా జారడానికి నేలను తడుపుతారు కూడా.

మీ అన్నయ్య మోటారు సైకిలు మీద ఇదే చేయబోతే? కారుకు నాలుగు చక్రాలు. వెనుక రెండూ జారినా కారు పడదు. రెండు చక్రాల బండికి ఒక చక్రం పట్టు తప్పితే నిలబెట్టేది ఇంకేమీ లేదు.

బోర్లా పడనన్న కారు

ఇప్పుడు చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి. మామూలు కారును చదునైన రోడ్డు మీద, ఊరికే స్టీరింగు తిప్పి, బోర్లా పడవేయడం చాలా కష్టం!

కారణం చూడండి. మలుపులో టైర్లను లోపలికి లాగే ఘర్షణ నేల దగ్గర పనిచేస్తుంది. కారు గురుత్వకేంద్రం మాత్రం పైన ఉంది, అది తిన్నగా పోవాలనుకుంటుంది. ఈ రెంటి మధ్య పెనుగులాటలో కారు పల్టీ కొట్టాలా, పక్కకు జారాలా అన్నది ఒక నిష్పత్తి తేలుస్తుంది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వకేంద్రం ఎత్తుతో భాగించండి. చిన్న కారుకు సగం వెడల్పు 75 సెంటీమీటర్లు, గురుత్వకేంద్రం ఎత్తు 50 సెంటీమీటర్లు అనుకుంటే ఫలితం 1.5. పొడి రోడ్డు మీద రబ్బరుకు ఘర్షణ గుణకం 0.7 లేక 0.8 ఉంటుంది. 1.5 కంటే అది తక్కువ. కాబట్టి పల్టీ కొట్టేంత బలం రాకముందే టైర్లు జారిపోతాయి.

అందుకే సినిమావారు కారును దొర్లించడానికి నానా తంటాలు పడతారు. ఒక పక్క చక్రాలను మాత్రమే ర్యాంపు ఎక్కిస్తారు. లేదా కారు అడుగున ఫిరంగి గొట్టం వంటిది అమర్చి, దానిలోంచి ఒక దిమ్మను నేలమీదికి పేల్చి కారును ఎత్తి పడేస్తారు. ఈ పద్ధతిని 1974లో ‘మెక్‌క్యూ’ అనే చిత్రానికి వాడారు. 2006లో వచ్చిన ‘క్యాసినో రాయల్’లో ఆస్టన్ మార్టిన్ కారు గురుత్వకేంద్రం మరీ కిందికి ఉండడంతో ర్యాంపు మీద దొర్లలేదు. చివరకు నైట్రోజన్ వాయువుతో పేలే ఫిరంగి అమర్చారు. అప్పుడు అది ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్ రికార్డు కెక్కింది.

ఇప్పుడు చర్లపల్లి రోడ్డు మీద గ్యాసు ట్యాంకరు దగ్గరకు రండి. దాని సగం వెడల్పు సుమారు ఒక మీటరు. నిండు ట్యాంకుతో గురుత్వకేంద్రం ఎత్తు సుమారు రెండు మీటర్లు అనుకోండి. నిష్పత్తి 0.5. ఇది 0.7 కంటే తక్కువ! అంటే ట్యాంకరు మలుపులో జారి హెచ్చరించదు. టైర్లు నేలను పట్టుకుని ఉండగానే ఒక పక్క చక్రాలు పైకి లేస్తాయి. పైగా లోపల ఉన్నది ద్రవం. వేడికి వ్యాకోచించడానికి చోటు ఉండాలి గనుక వంటగ్యాసు ట్యాంకును పూర్తిగా నింపరు. ఆ ఖాళీ వల్ల మలుపులో ద్రవం ఒక పక్కకు ఒరిగి, గురుత్వకేంద్రాన్ని కూడా అటు లాగుతుంది. బిందె నిండా నీళ్లు మోసేటప్పటికంటే, ముప్పాతిక బిందె మోసేటప్పుడు నీళ్లు ఎక్కువ ఊగడం మీరు చూసిందే.

కాబట్టి తెరమీద అవలీలగా పల్టీ కొట్టే కారు నిజానికి పల్టీ కొట్టనని మొండికేసేది. నిదానంగా, బరువుగా, భద్రంగా కనిపించే ట్యాంకరు తేలిగ్గా పల్టీ కొట్టేది. కళ్లు చెప్పేదానికీ లెక్క చెప్పేదానికీ ఎంత తేడా ఉందో చూశారా?

నుమాయిష్‌లో మృత్యుకూపం

స్టంటును కళ్లారా చూడాలంటే నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లవచ్చు. 1938లో మొదలైన ఆ ప్రదర్శనకు ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో జనం పోటెత్తుతారు. అక్కడ ‘మౌత్ కా కువా’ అనే చెక్కబావిలో మోటారు సైకిళ్లు, కార్లు నిలువు గోడ మీద గుండ్రంగా పరుగెడతాయి. పడవెందుకు?

బావి వ్యాసార్ధం 5 మీటర్లు, వేగం గంటకు 40 కిలోమీటర్లు అనుకోండి. బండిని అనుక్షణం కేంద్రం వైపు తిప్పుతూ ఉండడానికి గోడ దాన్ని లోపలికి నెట్టాలి. లెక్క వేస్తే ఆ నెట్టుడు బండి బరువుకు రెండున్నర రెట్లు. గోడ ఎంత గట్టిగా నెడితే చక్రానికి, గోడకు మధ్య ఘర్షణ అంత ఎక్కువ. ఆ ఘర్షణే బండి బరువును పైకి పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఘర్షణ గుణకం 0.4 ఉంటే చాలు. వేగం 30 కిలోమీటర్లకు తగ్గితే మాత్రం 0.7 కావాలి, అంటే అంచుకు వచ్చినట్లే. ఇంకా తగ్గితే బండి కిందికి జారుతుంది. కాబట్టి ఆ బావిలో వేగమే రక్ష, నెమ్మదే ప్రమాదం. రోడ్డు మలుపుకు ఇది సరిగ్గా తలకిందులు. బావిలో చూసిన సూత్రాన్ని రోడ్డు మీద వాడబోయేవారు ఈ తేడా మరువకూడదు.

కెమెరా చేసే మాయ

తెరమీద కనిపించే వేగమంతా నిజం కాదు. సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. చిత్రీకరించేటప్పుడు సెకనుకు 18 బొమ్మలే తీసి, 24 చొప్పున చూపితే, గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 60తో పోతున్నట్లు కనిపిస్తుంది. కెమెరాను నేలకు దగ్గరగా పెడితే రోడ్డు సర్రున జారిపోతున్నట్లుంటుంది. ఇక దృశ్యాలను ముక్కలుగా తీసి అతికించడం మామూలే. ఒక్కోసారి ఆ అతుకు బయటపడుతుంది కూడా! 1971 నాటి బాండ్ చిత్రం ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో ఒక కారు కుడివైపు చక్రాల మీద సందులోకి దూరి, ఎడమవైపు చక్రాల మీద బయటికి వస్తుంది. అభిమానులు ఆ పొరపాటును ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

రోడ్డు మీద ఆ సంఖ్యలు ఎవరు చెబుతారు?

ఇప్పుడు మొదట చెప్పిన తేడా దగ్గరకు వద్దాం. స్టంటు డ్రైవరుకు ఘర్షణ ఎంతో తెలుసు. నేలను ఊడ్పించి, పరీక్షించి చూసుకున్నాడు. ఎదురుగా ఎవరూ రారు. వేగం, దూరం, బరువు అన్నీ కాగితం మీద ఉన్నాయి. చర్లపల్లి నుంచి నాచారం మీదుగా ఉప్పల్ వెళ్లే మనిషికి వీటిలో ఏ ఒక్కటీ తెలియదు.

30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును తీసుకోండి. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అయితే గంటకు 52 కిలోమీటర్ల వరకు జారకుండా తిరగవచ్చు. అదే మలుపులో లారీ నుంచి ఇసుక రాలిందనీ, లేక తొలకరి వానకు రోడ్డు మీది నూనె మరకలు తడిశాయనీ అనుకోండి. గుణకం సగమైతే హద్దు 36 కిలోమీటర్లకు దిగుతుంది. నిన్న 45తో తిరిగినవాడు ఈరోజు 45తో తిరగలేడు. నిన్నటికీ ఈరోజుకూ తేడా ఒక గంపెడు ఇసుక!

బ్రేకు సంగతి చూడండి. గంటకు 60 కిలోమీటర్లతో పోయేవాడు అడ్డం వచ్చినదాన్ని చూసి బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆ సెకనులోనే బండి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఆ తరువాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. తడి రోడ్డు మీద గుణకం 0.4 ఉంటే 35 మీటర్లు. అంటే మొత్తం 52 మీటర్లు. మీ బడి ఆవరణలో 52 మీటర్లు అడుగులతో కొలిచి చూడండి, గుండె ఝల్లుమంటుంది.

సైకిలు మీద వెళ్లేవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. పొడవైన ట్యాంకరు ఎడమవైపు తిరిగేటప్పుడు దాని వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు. అవి మలుపును కోసుకుంటూ ఇంకా లోపలికి వస్తాయి. ముందు చక్రాలు మిమ్మల్ని తప్పించి పోయాయి కదా అని ఎడమ పక్క ఖాళీలో దూరితే, ఆ ఖాళీ క్షణాల్లో మూసుకుపోతుంది. పల్టీ కొట్టేదీ, లోపలికి కోసుకువచ్చేదీ మలుపులోనే. అందుచేత మలుపు తిరుగుతున్న ట్యాంకరు పక్కన ఎన్నడూ ఉండకండి. వెనుక ఆగండి.

మీరే చేసి చూడండి

మొదటి ప్రయోగం. గరుకైన చెక్కపలక మీద ఒక అగ్గిపెట్టెను పడుకోబెట్టి, మరొకదాన్ని నిలువుగా నిలబెట్టండి. పలకను ఒక చివర మెల్లగా ఎత్తండి. నిలబడ్డ పెట్టె పల్టీ కొడుతుంది, పడుకున్నది జారుతుంది. రెంటి కాగితమూ ఒకటే, బరువూ ఒకటే. మొదటిది ట్యాంకరు, రెండవది కారు.

రెండవ ప్రయోగం. చక్రాలు సులువుగా తిరిగే బొమ్మ కారును నున్నని వాలు బల్ల మీద వదలండి. ముందు చక్రాలు తిరగకుండా అంటుకాగితం వేస్తే కారు తిన్నగా జారుతుంది. అంటుకాగితం వెనుక చక్రాలకు మార్చి మళ్లీ వదలండి. కారు దారిలోనే గిరుక్కున వెనుదిరుగుతుంది! చేతి బ్రేకు రహస్యం మీ ఇంటి బల్లమీదే బయటపడింది.

మూడవ ప్రయోగం. ఒక స్కేలును బల్ల అంచు మీదుగా మెల్లగా ముందుకు తోయండి. సగం దాటగానే ముక్కు దించుతుంది. వెనుక చివర రెండు నాణేలు అంటించి మళ్లీ తోయండి. ఈసారి ఎంత దూరం వెళ్లాక వాలిందో కొలిచి రాసుకోండి. డిక్కీలో ఇసుక బస్తా ఏం చేసిందో తెలుస్తుంది.

ఇక రేపు బడిలో వాదన మొదలైతే మీరు మూడు ప్రశ్నలు అడగండి. గురుత్వకేంద్రం ఎక్కడుంది? ఘర్షణ ఎంత? ఆగడానికి దూరం ఎంత? ఈ మూడింటికీ జవాబు తెలిసినవాడే స్టంటు చేసేవాడు. తెలియకుండా చేసేవాడి జవాబులు ఆసుపత్రిలో తేలుతాయి.

చివరగా మీకొక లెక్క. మన 15 డిగ్రీల ర్యాంపును 72 కిలోమీటర్ల బదులు 36 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే, కారు ఎన్ని మీటర్ల అవతల అదే ఎత్తుకు దిగుతుంది? వేగం సగమైంది గనుక దూరమూ సగమే, 10 మీటర్లు అని రాసినవారు కాలువలో పడ్డారు. మళ్లీ లెక్క వేయండి!